అన్న కొలతకు కట్టిన గ్లైడరు

పోయిన నెల నడుం నొప్పి ఎంతకూ తగ్గకపోతే మా కోడలు నన్ను స్కానింగుకు తీసుకుపోయింది. చేతి గాజులు, మెడలో గొలుసు, చెవుల దిద్దులు అన్నీ తీయించి, ఒక సన్నటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, అక్కడి అమ్మాయి ఆ బల్లను ఒక గొట్టంలోకి జరిపింది. భుజాలకు రెండు పక్కలా గోడ తగులుతోంది, ముక్కుకు జానెడు ఎత్తున కప్పు. చాలామందికి అక్కడ గుండె దడ పుడుతుందట. బయటికి వచ్చాక భయం వేసిందా అని ఆ అమ్మాయి అడిగింది కూడా. వెయ్యలేదు. ఆ కాసేపూ నేను ఇంకో ఇరుకు చోటును తలుచుకుంటూ పడుకున్నాను. అది చెక్కతో చేసింది, మా అన్న కోసం చేసింది. తలుచుకుంటే దుఃఖం వస్తుందేమో అనుకున్నాను గానీ రాలేదు. అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. ఇన్నేళ్ళుగా దాని సంగతి ఎవరికీ చెప్పకపోవడానికి అదే కారణమేమో. ఏడుపు రాని సంగతిని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకు తెలియలేదు.

మాది పాత బెంగుళూరు. తాతల నాడే సీమ నుంచి మగ్గాలు బండ్ల మీద వేసుకొని వచ్చి కబ్బన్‌పేటలో దిగిన నేతవాళ్ళం. మేం పుట్టేనాటికి ఇంట్లో ఒక్క మగ్గమే మిగిలింది, అది కూడా నాన్న పట్టుదల వల్ల. మేం ముగ్గురం: అక్క, అన్న, నేను. అక్కను మేనత్త కొడుక్కే ఇచ్చారు. ఆ బావ ఇంజనీరు. విమానాలూ గ్లైడర్లూ గీసి, లెక్కలు కట్టి, నమూనాలు తయారుచేసే ఆఫీసులో పని. ఆ ఆఫీసు పేరు ఇప్పుడెందుకు లెండి. ఆయన ప్రోద్బలంతోనే నేను డ్రాయింగు పరీక్ష రాసి, డెబ్బైల మొదట్లో అదే ఆఫీసులో ట్రేసరుగా చేరాను. ట్రేసరు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద కింది గీతలు కనబడే పలచటి మైనపు రంగు బట్ట పరిచి, నల్ల సిరాతో గీత మీద గీత దిద్దే పని. తప్పు పోతే బ్లేడుతో మెల్లగా గీకాలి. మధ్యాహ్నం అయ్యేసరికి వేళ్ళకు అంటిన సిరా అన్నం ముద్దకు కూడా తగిలేది.

అన్న ఊరి బయట జక్కూరు విమానాల మైదానంలో గ్లైడరు తోలడం నేర్పే మాస్టరు. కాలేజీ ఎగ్గొట్టి సైకిలు మీద అక్కడికి పోయి, రెక్కలు తుడిచి, తాళ్ళు మోసి, ఆ మోజులోనే పెద్దవాడై, చివరికి దాన్నే ఉద్యోగం చేసుకున్నాడు. మనిషి ఆరడుగుల పైమాట. మా ఇంటి గడపలన్నీ ఆయన నుదుటికి పరిచయమే. మామూలు గ్లైడర్లలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి, తల పైనున్న గాజుమూతకు తగిలేది. దిగాక కాళ్ళు చాపుకొని పచ్చిక మీద కాసేపు కూర్చుంటే గానీ నడవలేకపోయేవాడు. అయినా గాలిని చదవడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని ఆ మైదానంలో అందరూ అనేవారు.

పోటీ గ్లైడరు కట్టాలన్న ఆలోచన బావది. అప్పటిదాకా మా ఆఫీసు కట్టినవన్నీ నేర్చుకునేవాళ్ళ కోసం, ఇద్దరు కూర్చునేవి, మొద్దుగా, ఎక్కడ దించినా విరగనివి. పోటీలో తోలేది వేరే రకం. ఇంజను లేనిది కదా, పైనుంచి దిగుతూ దిగుతూనే దూరం పోవాలి. ఎంత సన్నగా ఉంటే గాలి అంత తక్కువ అడ్డుపడుతుంది. మూతి సన్నబడాలంటే మనిషిని కూర్చోబెట్టకూడదు, ఇంచుమించు పడుకోబెట్టాలి. ఒక రాత్రి భోజనాల దగ్గర బావ ఈ మాట చెబుతూ చెబుతూ అన్న వైపు చూసి ఆగిపోయాడు. ఎవరికైనా సరిపోయేట్టు చేస్తే ఎవరికీ సరిగ్గా ఉండదు, ఒక్క మనిషి కొలతకే చేస్తే ఎలా ఉంటుందన్నాడు. పొడుగు మనిషి పడుకుంటే పొట్టి మనిషి కన్నా ఎత్తేమీ కాడు గదా అని కూడా అన్నాడు. అక్క నవ్వింది. అన్న నవ్వలేదు, కంచంలో చెయ్యి అలాగే పెట్టుకొని వింటూ ఉండిపోయాడు.

ఆ ఆదివారం మగ్గం గదిలో నేల మీద ఖాకీ కాగితం పరిచి, అన్నను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, బావ చెబుతుంటే నేను ఆయన చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. చంకల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు చక్కిలిగిలి. "మెల్లగప్పా, మెల్లగ" అంటూ మెలికలు తిరిగిపోయాడు, ఆ చోట గీత వంకర పోయి మళ్ళీ గీయాల్సి వచ్చింది. తర్వాత పక్కకు తిప్పి, వీపు కింద దిండ్లు పెట్టి, మోకాళ్ళ ఒంపు, మెడ ఒంపు అన్నీ తీసుకున్నాం. ఆఫీసులో నేను సిరాతో దిద్దిన మొదటి కాక్‌పిట్ బొమ్మకు ఆ గీతలే మూలం.

పై అధికారులు ఒకే ఒక్కటి కట్టడానికి ఒప్పుకున్నారు. పోటీలో బాగా పోతే రెండోదాని సంగతి చూద్దామన్నారు. అందుకే దానికి ఒక పేరంటూ పెట్టలేదు. కాగితాల్లో ఏదో నంబరు ఉండేది గానీ మేమంతా "ఒంటిది" అనేవాళ్ళం. బావ దాని మూతి మూడుసార్లు మార్చాడు. తోక మొదట కింద పెట్టాడు, కోసిన పొలాల్లో దిగితే మోళ్ళు గుచ్చుకుంటాయని అన్న చెబితే పైకి ఎత్తాడు. రెక్కలు పూర్తిగా చెక్కవి, లోపల తడికెలాంటి సన్నటి పక్కటెముకలు, పైన కాగితమంత పలచటి ప్లైవుడ్డు. తోక దగ్గర కదిలే భాగాలకు మాత్రం బట్ట తొడిగి, అది బిగుసుకునేట్టు పైన డోపు అనే వార్నిషు పూశారు. ఆ డోపు వాసన పళ్ళు మగ్గిన వాసనలా ఉండేది, తల దిమ్మెక్కేది. నెలకొకసారైనా అన్న వర్క్‌షాపుకు వచ్చి, సగం కట్టిన ఆ డొల్లలో పడుకొని, భుజం దగ్గర గీకమనో, మడమ దగ్గర పెంచమనో చెప్పిపోయేవాడు. నేను ఆ మార్పులు బొమ్మల మీద దిద్దేదాన్ని. అలా రెండేళ్ళకు పైగా పట్టింది. ఇంకొన్ని వారాల్లో మొదటిసారి ఎగరాలనగా అన్నకు ఏటా జరిగే వైద్యపరీక్ష వచ్చింది.

గుండె కొట్టుకునే తీరులో ఏదో తేడా ఉందన్నారు. ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు, ఆయనా అదే చెప్పాడు. ఇక ఎగరడానికి వీల్లేదు, ఎప్పటికీ. అన్నకు ఆయాసం లేదు, నొప్పి లేదు, తల తిరుగుడు లేదు. డాక్టరు చెప్పేదాకా తనకే తెలియని లోపం అది, చెప్పాక కూడా ఒంట్లో ఎక్కడుందో ఆయనకు తెలియలేదు.

ఆ కబురు వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. నాన్న మగ్గం మీది నుంచి దిగలేదు. వదిన మాత్రం ఒబ్బట్లు చేసింది. పండగ కాదు, పబ్బం కాదు. పెళ్ళయినప్పటి నుంచి అన్న ఎగిరే రోజుల్లో ఆయన ఇల్లు చేరేదాకా పచ్చి మంచినీళ్ళు తాగని మనిషి ఆమె. ఇంక ఆ బాధ లేదని ఆమె చేతులకు తెలిసిపోయినట్టుంది, మనసుకు చెప్పకుండానే బెల్లమూ బేళ్ళూ తీసి పొయ్యి మీద పెట్టేసింది. వడ్డించేటప్పుడు గాని ఏం చేసిందో తనకే అర్థం కాలేదు కాబోలు, నేతిగిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. అన్న తల ఎత్తకుండా రెండు తిన్నాడు.

"బాగుండాయి" అన్నాడు. "ఇంకొకటి వెయ్యి."

మరుసటి రోజు నేను ఆఫీసుకు పోయాను, బట్ట పరిచాను, గీతలు దిద్దాను. ఏదో చలికి కొయ్యబారినట్టు ఉండేది లోపల, అంతే. ఆ కొయ్యబారడం ఒక రోజుతో పోతుందనుకున్నాను, పోలేదు, దానికే అలవాటు పడ్డాను. బావ అలా ఉండలేకపోయాడు. ఒంటిదాన్ని షెడ్డులో పెట్టి తాళం వేద్దాం, నీ బదులు ఇంకొకణ్ణి అందులో కూర్చోబెట్టలేను అని అన్నతో వాదించాడు. అన్న చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"పొట్టోణ్ణి చూడు బావా. పొట్టోడైతే దిండ్లు పెట్టచ్చు. నాకన్నా పొడుగోడు దొరికితే ఏం చేస్తావు?"

పొట్టివాడే దొరికాడు. సైన్యంలో పనిచేస్తూ సెలవు పెట్టి పోటీలకు వచ్చే ఒక తమిళ పైలట్. నెమ్మదస్తుడు, చక్కగా తోలుతాడు. అన్న భుజం దాకా వస్తాడేమో. ఆయన వీపు వెనక దిండ్లు, కాళ్ళకు అందేట్టు పెడళ్ళ మీద కొయ్యదిమ్మెలు. అది తేలికే గానీ బరువు దగ్గర చిక్కు వచ్చింది. తోలేవాడు తేలికైతే మూతి పైకి లేస్తుంది, గ్లైడరు మాట వినదు. అందుకని అన్న బరువుకూ ఆయన బరువుకూ ఉన్న తేడాను సీసం పలకలతో నింపి, కాళ్ళ కింద నట్లతో బిగించాలని బావ లెక్క కట్టాడు. ఆ పలకల బొమ్మ నేనే దిద్దాను. ఒంటిదాని బొమ్మలన్నింటిలోకీ అది చిన్నది, సులభమైనది. నాలుగు మూలలు, నాలుగు రంధ్రాలు. మధ్యాహ్నం లోపల అయిపోయింది.

గ్లైడరు బయలుదేరేటప్పుడు రెక్క కొసను ఎవరో ఒకరు పట్టుకోవాలి. దానికి ఉన్నది ఒక్కటే చక్రం కాబట్టి రెక్క ఒక పక్కకు వాలి ఉంటుంది, వేగం అందుకునేదాకా పక్కన పరిగెత్తుతూ దాన్ని తిన్నగా నిలపాలి. మామూలుగా నేర్చుకునే పిల్లలు చేసే పని. ఒంటిది మొదటిసారి ఎగిరిన పొద్దు ఆ రెక్క కొస అన్న పట్టుకున్నాడు. పొడుగు కాళ్ళతో దాని పక్కనే చాలా దూరం పరిగెత్తాడు, అవసరమైనదానికన్నా ఎక్కువ దూరమే. అది లేచిపోయాక కూడా కొన్ని అడుగులు పరిగెత్తి, నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడుము మీద పెట్టుకున్నాడు. బావ కళ్ళు తుడుచుకోవడం చూశాను. నేను పైకి చూశాను. తెల్లగా, సన్నగా, చప్పుడు లేకుండా పోతోంది. బాగానే ఉంది అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

ఆ ఏడు దేశపు పోటీ మా ఊళ్ళోనే పెట్టారు. రాగులు కోసి, కుప్పలు వేసి, నేలంతా ఎండిపోయిన కాలం. మొదటి రోజుల్లో ఒంటిది అందరికన్నా ముందుంది. బావ మొహం వెలిగిపోయేది. రెండోది కట్టడానికి చెక్క ఎక్కడ దొరుకుతుందో అప్పుడే మాట్లాడుతున్నాడు. అన్న పొద్దున్నే వచ్చి గాలి చూసి, ఏ వైపు మబ్బు కడుతుందో, ఏ గుట్ట మీద వేడిగాలి లేస్తుందో ఆ పైలట్‌కు చెప్పేవాడు. ఆయన శ్రద్ధగా వినేవాడు. సాయంత్రం దిగాక "మీరు చెప్పినట్టే ఉంది సార్" అనేవాడు, వచ్చీరాని తెలుగులో.

ఒక ఆదివారం మధ్యాహ్నం దాటాక ఎత్తుమబ్బు పరుచుకొని ఎండ చచ్చిపోయింది. పైకి లేపే వేడిగాలి లేకపోతే గ్లైడరు ఎక్కడికీ పోదు. కాసేపటికి దొడ్డబళ్ళాపురం అవతల ఒక పల్లెలోని పట్టు కార్ఖానా నుంచి ఫోను, పొలంలో దిగాల్సి వచ్చిందని. పొడుగాటి ట్రెయిలరు తగిలించుకొని జీపులో బయలుదేరారు అన్న, బావ. సెలవు కాబట్టి నేనూ ఎక్కాను.

రాగి మోళ్ళ మధ్య ఒంటిది ఒక రెక్క నేలకు ఆనించి నిలబడి ఉంది. చుట్టూ సగం పల్లె. గీత కూడా పడలేదు. పైలట్ ఎదురొచ్చి క్షమించమన్నట్టు చేతులు పట్టుకుంటే అన్న ఆయన వీపు తట్టాడు. దిగిన చోటుకు ఊళ్ళో పెద్దల చేత సంతకాలు పెట్టించాలన్నది పోటీ నియమం, అందుకని బావా, పైలటూ పల్లెలోకి పోయారు. పిల్లలు వాళ్ళ వెంట పరిగెత్తారు. అన్నా, నేనూ, తలపై కొంగు కప్పుకున్న ఒక ముసలావిడా మిగిలాం.

అన్న గాజుమూత ఎత్తాడు. జేబులోంచి చిన్న పానా తీశాడు. దిండ్లు తీసి మోళ్ళ మీద పెట్టాడు. పెడళ్ళ మీది దిమ్మెలు విప్పాడు. తర్వాత ఆ సీసం పలకలు ఒక్కొక్కటే విప్పి, రెండు చేతులతో ఎత్తి, పక్కన వరసగా పేర్చాడు. నన్ను రెక్క కొస ఎత్తి పట్టుకోమన్నాడు. చెప్పులు విడిచి లోపలికి దిగి, వెనక్కి వాలి, మూత వేసుకున్నాడు.

ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. "ఆయప్ప పోతాండాడామ్మా?"

"లేదవ్వా. పోడు."

"మరేం చేస్తాండాడు?"

నా చేతిలో రెక్క కదిలింది. కొస దగ్గర వెనక అంచుకున్న కదిలే చెక్క మెల్లగా పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ లేచింది. వెనక తోక అటూ ఇటూ తిరిగింది. లోపల ఆయన మలుపు తిప్పుతున్నాడని అర్థమైంది. ఒక మలుపు, తర్వాత దానికి ఎదురు మలుపు, తర్వాత చాలాసేపు ఒకే వైపు, పైపైకి పోతూ సుడి తిరిగేటప్పుడు చేసినట్టు. గాలి లేదు. మోళ్ళ మీద మిడతలు ఎగురుతున్న చప్పుడు మాత్రం. చేతులు లాగుతున్నా రెక్క దించలేదు. గాజులోంచి ఆయన ముఖం కనిపిస్తోంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, నేరుగా ముందుకు చూస్తున్నాయి. ఇప్పుడైనా నాకు ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. వీపు మీద చెమట కారడం తెలుస్తోంది, అంతే.

కొంతసేపటికి మూత తెరుచుకొని దిగాడు. చెప్పులు వేసుకున్నాడు.

"ఎట్లుండాది అన్నా?" అన్నాను.

"సరిపోయింది" అన్నాడు. అని, "ఆ పలకలు ఒగటొగటే ఇట్లా అందియ్యి" అన్నాడు.

అవి ఎంత బరువుంటాయో నాకు అప్పుడే తెలిసింది. ఒక్కొక్కటీ ఎత్తి అందించాను, ఆయన తిరిగి బిగించాడు, దిమ్మెలు పెట్టాడు, దిండ్లు సర్దాడు. బావా వాళ్ళూ వచ్చేసరికి రెక్కలు విప్పడానికి గుడ్డలు పరిచి సిద్ధంగా ఉన్నాం. ముసలావిడ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, నేనూ అనలేదు.

పోటీ ముగిసేసరికి ఒంటిది నడిమి వరసలో ఎక్కడో నిలిచింది. బాగుంది అన్నారు అందరూ. ఆ తర్వాత విదేశాల నుంచి ఫైబర్‌గ్లాసు గ్లైడర్లు రావడం మొదలైంది. అచ్చులో పోసి తీసినవి, అద్దంలా నునుపు. ఇక చెక్కతో రెండోది కట్టే మాట ఎవరూ ఎత్తలేదు. బావను వేరే విభాగానికి మార్చారు, రిటైరయ్యేదాకా ఆయన నేల మీద నిలబడే యంత్రాల భాగాలే గీశాడు. ఒంటిది కొన్నాళ్ళు ఎగిరింది, కొన్నాళ్ళు షెడ్డులో ఉంది. పైకప్పు కురిసి రెక్కల జిగురు విడిపోయింది, పక్కటెముకలకు చెదలు పట్టాయి.

అన్నను విన్చి మీద వేశారు. విన్చి అంటే మైదానం కొసన ఉండే పెద్ద మోటారు. అది ఉక్కుతాడును గబగబా చుట్టుకుంటూ అవతలి కొసన ఉన్న గ్లైడరును గాలిపటంలా పైకి లాగుతుంది. ఆయన చాలా ఏళ్ళు అక్కడే కూర్చొని పనిచేశాడు. ఎంతోమంది పిల్లలను పైకి పంపాడు.

ఎనభైల నడుమ, ఒక వానాకాలం వెళ్ళాక, షెడ్డు ఖాళీ చెయ్యడానికి ఒంటిదాన్ని కోసేస్తున్నారని బావ నాకు ఆఫీసులో చెప్పాడు. తాను పోలేనన్నాడు. నేను సగం రోజు సెలవు పెట్టి బస్సెక్కి పోయాను. షెడ్డు ముందు ఇద్దరు మనుషులు చెరో వైపు కూర్చొని రెక్కను రంపంతో కోస్తున్నారు. కాసేపు నిలబడి చూసి, మైదానం అంతా నడిచి విన్చి దగ్గరికి పోయాను. అన్న చెయ్యి మీట మీద ఉంది. అవతల జెండా ఊగింది. ఆయన మెల్లగా మోటారు వేగం పెంచాడు, తాడు బిగుసుకుంది, దూరాన ఒక గ్లైడరు నేల విడిచి నిట్టనిలువుగా లేచింది. అది తాడు విడిచిపెట్టి వంపు తిరిగేదాకా ఆయన కన్ను తిప్పలేదు. అప్పుడు నన్ను చూశాడు.

"ఏమప్పా, ఇట్లొచ్చినావు?"

"ఏం లేదన్నా. ఊరికే."

"ఎండగా ఉండాది, నీడకు రా" అన్నాడు. రంపం చప్పుడు అక్కడికి వినపడుతూనే ఉంది. ఇద్దరం నీడలో కూర్చొని ఆయన ఫ్లాస్కులో కాఫీ తాగాం.

ఆ గుండె ఆయనను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. డెబ్బై దాటి బతికాడు. పోయింది కూడా దానితో కాదు, విషజ్వరంతో. డాక్టర్లు తప్పు చెప్పారా, ఎగిరి ఉంటే ఏమయ్యేదో, ఎవరు చెప్పగలరు? వదిన మటుకు ఆయనతో పాటు ముసలిదైంది, అది తక్కువ మాట కాదు.

ఈ మధ్య జక్కూరు వైపు ఒక పెళ్ళికి పోయాను. మైదానం గోడ దాకా అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి, పల్లెలు పేర్లుగా మిగిలాయి. మేడ మీద భోజనాలు పెట్టారు. దేవనహళ్ళి విమానాశ్రయానికి దిగే విమానాలు తల మీదుగా వరసగా పోతుంటే మాటలు ఆపి, పోయాక మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. వాటిలో వందలమంది కూర్చుంటారు, అన్ని సీట్లూ ఒకే కొలత, ఎవరు ఎక్కినా అదే సీటు. నా పక్కన కూర్చున్న పిల్లలకు మా కాలంలో ఇంజను లేకుండా, చప్పుడు లేకుండా ఇదే ఆకాశంలో మనుషులు తిరిగేవారని చెప్పాను. అలాంటివి తాము ఎప్పుడూ చూడలేదన్నారు, గద్దలు తప్ప. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు పిట్టగోడ దగ్గర నిలబడి కాసేపు పైకి చూశాను. గద్దలు కూడా ఇప్పుడు తక్కువే.